చప్పుడు లేని తుపాకి కొనాలా వద్దా



న్యూజిలాండు నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి మన సంఘం వాళ్ళు ఎవరు కనబడినా ఒకే మాట అడుగుతున్నారు. "ఆడ తుపాకి కాల్చినారంట గదా?" అని. కాల్చింది నిజమే. మొత్తం పది గుండ్లు, అదీ గురి కాగితం మీద. మిగతా గుండ్లన్నీ మా అల్లుడు కాలిస్తే నేను పక్కన స్టూలు మీద కూర్చుని లెక్క రాశాను. గూడ్సు ఆఫీసులో ముప్పై ఏళ్ళు తూకాలూ రసీదులూ రాసిన చెయ్యి కదా, ఊరికే ఉండదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. కొంచెం పెద్దదిగానే ఉంటుంది. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు రాత మన సంఘం ఆదివారం క్లాసులో వచ్చింది. అందుకని మాటల్లో మన ఊరి వాసన ఉంటే ఉండనీండి.

ముందు సంగతి ఏమిటో చెబుతాను. మా అల్లుడు నా సొంత చెల్లెలి కొడుకే. సెంట్రల్ ఒటాగో అనే పక్కన, అలెగ్జాండ్రా ఊరికి దగ్గర ఒక చెర్రీ తోటకు మేనేజరు. ఇల్లు కూడా తోటలోనే. కొత్తగా నాటిన రెండేళ్ళ మొక్కల బెరడును కుందేళ్ళు చుట్టూ కొరికేస్తున్నాయి. బెరడు చుట్టూ పోతే చెట్టు చచ్చినట్టే. అతని దగ్గర పాత .22 తుపాకి ఒకటి ఉంది. పక్క తోట ముసలాయన ఇంకొకటి అమ్ముతానన్నాడు. యూరోపు తయారీ, మంచి బ్యారెల్, మంచి స్కోపు, దానికే సరిపడే సైలెన్సరు. వెల 3,400 డాలర్లు. మన రూపాయల్లో లక్షా డెబ్బై వేల దాకా. అల్లుడికి ఆశ. మా అమ్మాయికి అస్సలు ఇష్టం లేదు. ఏడేళ్ళ పాప ఉన్న ఇల్లు. "నాయనా, నువ్వు లెక్క మనిషివి, నువ్వే చెప్పు" అని ఇద్దరూ నా మీద వేశారు. పక్క తోట ఆయన మంచివాడు, మూడు వారాలు వాడి చూసుకోమని ఇచ్చాడు. అమ్మకం ఖాయం కాకముందే ఇట్ల ఇచ్చేవాళ్ళు మన పక్క దొరకరు. లైసెన్సు ఉన్న మనిషికే ఇచ్చాడనుకోండి. మా అల్లుడికి లైసెన్సు ఉంది. నాలాంటి లైసెన్సు లేని మనిషి అయితే, లైసెన్సు ఉన్నవాళ్ళు పక్కనే ఉండి చూసుకుంటూ ఉంటేనే కాల్చవచ్చు.

సైలెన్సరు అంటే మనకు బుల్లెట్ బండికి ఉండేది, కుర్రాళ్ళు పీకేసి వీధంతా అదరగొట్టేది. తుపాకి సైలెన్సరు అంటే సినిమాలో హంతకుడి చేతిలో చూడడమే. న్యూజిలాండులో అది అంగట్లో దొరికే మామూలు సరుకు. రైతు దగ్గర ఉన్న .22 తుపాకికి సైలెన్సరు లేకపోతేనే వింతగా చూస్తారు. ఇందులో తమాషా ఏమిటంటే, బండి సైలెన్సరూ తుపాకి సైలెన్సరూ ఒకే కుటుంబం పిల్లలు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్‌కు ఆ చప్పుళ్ళతోనే చెవులు పోయినాయి. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో అమెరికాలో తుపాకి సైలెన్సరుకు పేటెంటు తీసుకున్నాడు. అదే సూత్రంతో మోటారు ఇంజన్లకు కూడా చేశాడు. తండ్రి లోకానికి ఇచ్చిన మోతను కొడుకు తగ్గించడానికి చూసినట్టు అనిపిస్తుంది నాకు. అమెరికాలో 1934 చట్టం సైలెన్సరు మీద 200 డాలర్ల పన్ను వేసింది. ఆ రోజుల్లో అది తుపాకి ధర కంటే ఎక్కువ. న్యూజిలాండులో ఆ గొడవ లేదు.

కుందేళ్ళ కథ కూడా చెప్పాలి. అవి ఆ దేశపువి కావు. 19వ శతాబ్దంలో తెల్లవాళ్ళు ఓడల్లో తెచ్చి వేటకనీ కూరకనీ వదిలారు. పట్టే జంతువు లేదు, గడ్డికి కొదవ లేదు. ఊరికే పెరిగిపోయినాయి. 1876లోనే కుందేళ్ళ బెడద మీద చట్టం చేయాల్సి వచ్చింది. తరువాత వాటిని తినడానికని ముంగిసలాంటి ఫెర్రెట్లనూ స్టోట్లనూ తెచ్చి వదిలితే, అవి కుందేళ్ళను వదిలి ఎగరలేని అక్కడి పక్షుల మీద పడినాయి. విషం పెట్టారు. 1997లో రైతులే దొంగతనంగా కుందేళ్ళ రోగం వైరస్ తెచ్చి వదిలారు. 2018లో ప్రభుత్వమే ఇంకొక రకం వైరస్ వదిలింది. అయినా కుందేలు ఉంది. అలెగ్జాండ్రాలో ఈస్టరు పండుగకు కుందేళ్ళ వేట పోటీయే పెడతారు. మన నల్లరేగడిలో ఒకప్పుడు కుక్కలతో కుందేళ్ళ వేటకు పోయేవాళ్ళు మీలో ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం తరువాత మనకు అది నేరం. అక్కడ కుందేలును చంపకపోతేనే తోటవాళ్ళు తప్పు పడతారు.

ఇంగ తుపాకి సంగతి. .22 రిమ్‌ఫైర్ అంటే తూటా అడుగు అంచులోనే నిప్పంటుకునే మందు ఉంటుంది. సుత్తి ఆ అంచును కొడుతుంది. ఇప్పుడు అందరూ వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచి ఉంది. గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. మన రైల్వేవాళ్ళకు గర్వంగా ఇంకొకటి చెప్పాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పుడు సెంట్రల్ రైల్వే టికెట్ ఉద్యోగి. ఆ పోటీలో వాడేది ఈ .22 తూటానే. ఆ గురి కాగితంలో పది పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. మన చొక్కా బొత్తాం అంత. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

తుపాకి చప్పుడు ఒకటి కాదు, మూడు. ఇది తెలియకపోతే డబ్బు దండగ.

మొదటిది, గొట్టం మూతి దగ్గర మందు ఆవిరి ఒక్కసారిగా బయటికి తన్నుకు వచ్చే చప్పుడు. సైలెన్సరు పని చేసేది దీని మీదనే. లోపల అరలు అరలుగా ఉంటుంది. ఆవిరి ఒక్కొక్క అరలో తిరిగి చల్లబడి, మెల్లగా బయటికి వస్తుంది. కుక్కరు మూత ఒక్కసారి ఎగిరిపోవడానికీ వెయిట్ లేపి మెల్లగా ఆవిరి వదలడానికీ ఎంత తేడానో అంత తేడా.

రెండవది, గుండు శబ్దవేగం దాటి పోతే వచ్చే చప్పుడు. చర్నాకోల విసిరితే చివర 'ఛళ్' మంటుందే, అదే. చర్నాకోల కొస శబ్దవేగం దాటుతుంది కాబట్టే ఆ చప్పుడు. గుండు పోయే దారంతా ఇది వెంట ఉంటుంది. ఎంత ఖరీదు సైలెన్సరు పెట్టినా దీనిని ఆపలేదు. దీనికి మందు ఒక్కటే, మెల్లగా పోయే తూటా. సబ్‌సోనిక్ అంటారు.

మూడవది, తుపాకి లోపల ఇనుము ఇనుముకు కొట్టుకునే చప్పుడు. గుండు గుండుకూ తనంతట తాను తెరుచుకునే సెమీ ఆటోమేటిక్‌లో ఇది ఎక్కువ. చేత్తో గడియ లాగే బోల్ట్ తుపాకిలో కాల్చేటప్పుడు గడియ కదలదు, అందువల్ల తక్కువ. ఈ రెండు తుపాకులూ బోల్ట్ రకమే.

డెసిబెల్ లెక్కలో, సైలెన్సరు లేని .22 తుపాకి కాల్చే మనిషి చెవి దగ్గర సుమారు 140 ఉంటుంది. సైలెన్సరు, మెల్లని తూటా రెండూ కలిస్తే 120కి అటూఇటూ వస్తుంది. మన శివకాశి టపాకాయకు చట్టం పెట్టిన హద్దు నాలుగు మీటర్ల దూరంలో 125. అంటే 'చప్పుడు లేనిది' అనే మాట అబద్ధమే. చప్పుడు తగ్గినది, అంతే. అయినా చెవికి అది శానా పెద్ద తేడా. మా డిపార్టుమెంటులో ఇంజను పక్కనే బతికి, రిటైరయ్యే నాటికి భార్య పిలిచినా వినబడని వాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ విషయంలో సైలెన్సరు పెట్టినవాడు చెవికి మేలే చేస్తున్నాడు.

నా లెక్క ఇట్ల సాగింది. తుపాకులు రెండు: అల్లుడి పాతది, పొరుగాయన ఖరీదుది. తూటాలు మూడు రకాలు: వేగంగా పోయే చౌక తూటా, గురి పోటీలకు వాడే మధ్య వేగపు తూటా, వేటకు చేసిన సబ్‌సోనిక్ తూటా. దూరం 50 మీటర్లు, టేపుతో కొలిచాను. ఒక్కొక్క తూటాతో ఒక్కొక్క తుపాకికి అయిదు కాగితాలు, కాగితానికి అయిదు గుండ్లు. మొత్తం 150. అయిదు రంధ్రాల్లో దూరంగా ఉన్న రెండింటి నడుమ ఎంత అని కొలవడం. ఒక్క కాగితం బాగా వస్తే దానిని జేబులో పెట్టుకుని ఊరంతా చూపించేవాళ్ళు ఉంటారు. అట్ల కాదు, అయిదు కాగితాల సగటు తీయాలి. ఒక రోజు బాగా వసూలైందని ఆ స్టేషను ఆదాయం అంతేనని రాస్తామా?

పాత తుపాకి సగటు: చౌక తూటాతో 31 మిల్లీమీటర్లు, పోటీ తూటాతో 19, సబ్‌సోనిక్‌తో 22.

ఖరీదు తుపాకి సగటు: చౌక తూటాతో 22, పోటీ తూటాతో 10, సబ్‌సోనిక్‌తో 16.

ఇక్కడ ఆగి చూడండి. పాత తుపాకి మంచి తూటాతో 19. ఖరీదు తుపాకి చౌక తూటాతో 22. లక్షా డెబ్బై వేల తుపాకిని చౌక తూటా కిందికి లాగేసింది. తుపాకి తన తూటాను తానే ఎంచుకుంటుంది అని అక్కడివాళ్ళు చెప్పిన మాట నిజమే. ఒకే కంపెనీ తూటా కూడా ఒక లాటుకూ ఇంకొక లాటుకూ తేడా వస్తుంది. అందుకే పోటీవాళ్ళు లాటు నంబరు చూసి ఒకేసారి పెట్టెలు పెట్టెలుగా కొంటారు.

అయితే ఖరీదు తుపాకి గొప్పతనం కూడా దాచను. పోటీ తూటాతో 10 మిల్లీమీటర్లంటే ఆ ఒలింపిక్ వలయం అంత. ఇంకొకటి, తెల్లవారి చల్లని గొట్టంతో కాల్చే మొదటి గుండు. కుందేలు మీద కాల్చేది ఎప్పుడూ మొదటి గుండే, అయిదవది కాదు. పది ఉదయాలు ఒక్కొక్క గుండు మాత్రం కాల్పించి చూశాను. పాతది గురి నుంచి సగటున 14 మిల్లీమీటర్లు పక్కకు పోయింది, ఖరీదుది 7. ట్రిగ్గరు కూడా అద్దంలాగా విరుగుతుంది, ఎప్పుడు పడిందో వేలికి తెలియదు.

మరి అది ఎంత పనికొస్తుంది? కుందేలు బాధ లేకుండా పోవాలంటే గుండు తలలో పడాలి. ఆ చోటు 35 మిల్లీమీటర్లకు మించదు. 50 మీటర్లలో సబ్‌సోనిక్‌తో పాతది 22, ఖరీదుది 16. రెండూ లోపలే. 75 మీటర్లకు పోతే పాతది 33 అవుతుంది, అంచు మీద ఉంది. ఖరీదుది 24, ఇంకా హాయిగా ఉంది. అంటే ఆ డబ్బుతో మనం కొంటున్నది మరో పాతిక మీటర్ల దూరం. పైగా మెల్లని తూటా దూరం పోయేకొద్దీ బాగా దిగుతుంది. 50 మీటర్లకు సరిచేసిన స్కోపుతో 75 మీటర్లలో ఎనిమిది సెంటీమీటర్లు కిందికి, 100 మీటర్లలో జానెడు కిందికి పడింది. 15 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలోనే గుండును రెండు సెంటీమీటర్ల దాకా తోస్తుంది. ఒటాగోలో గాలికి కొదవ లేదు. తుపాకి ఎంత మంచిదైనా ఈ దిగడం, ఈ తోపు మారవు. దూరం అంచనా తప్పితే ఆ 16 మిల్లీమీటర్లకు అర్థం లేదు. గాయపడిన కుందేలు బొరియలోకి పోయి రెండు రోజులు చస్తుంది. ఆ పాపం తుపాకిది కాదు, కాల్చినవాడిది.

చలి కూడా ఒక తమాషా చేసింది. 20 డిగ్రీల్లో శబ్దం వేగం సెకనుకు 343 మీటర్లు, సున్నా డిగ్రీల్లో 331. పోటీ తూటా పెట్టె మీద 330 అని ఉంది. మధ్యాహ్నం మెత్తగా 'తుస్సు' మన్న అదే తూటా, మంచు పడిన ఉదయం కాలిస్తే నాలుగింట ఒకటి 'ఛళ్' మంది. ఒక్కొక్క గుండు వేగం కొంచెం ఎక్కువ తక్కువ ఉంటుంది కదా, ఎక్కువ వేగం ఉన్నది హద్దు దాటేసింది. సబ్‌సోనిక్ తూటా 315 దగ్గర ఉండి ఎంత చలిలోనూ నోరెత్తలేదు. చలి దేశంలో కొనేవాళ్ళు పెట్టె మీద 'మామూలు వేగం' అని చూసి మోసపోకూడదు, అంకె చూడాలి.

సైలెన్సరులు రెంటినీ వంటింటి త్రాసులో తూచాను. పాతది విప్పడానికి రాని రకం. కొత్తగా ఉన్నప్పుడు 142 గ్రాములని దాని పెట్టె మీద ఉంది, ఇప్పుడు 187. అంటే 45 గ్రాముల సీసమూ మసీ లోపలే పేరుకున్నాయి. .22 తూటా మురికి తూటా. గుండు సీసం, పైన రాగి తొడుగు ఉండదు. పొరుగాయనది విప్పి, కడిగి, మళ్ళీ బిగించేది. నా కంటికి అతని మొత్తం సరంజామాలో నిజంగా వెల చేసేది అదే. మర సరిగ్గా పట్టాలి, గొట్టానికి సూటిగా కూర్చోవాలి. వంకరగా కూర్చుంటే గుండు లోపలి అరకు తగులుతుంది. సైలెన్సరు తీసి కాలిస్తే గుండు పడే చోటు మారుతుంది. పాత తుపాకిలో మూడు సెంటీమీటర్లు మారింది. అందుకే పెట్టే సరి చేయాలి, పెట్టే కాల్చాలి.

ఇంతవరకూ మీటర్లూ గ్రాములూ. అసలు విషయం వంటింట్లో తేలింది.

చప్పుడు కొలవడానికి ఫోనులో ఉండే మీటరు పనికిరాదు, తుపాకి చప్పుడు దాని చెవికి అందనంత తొందరగా అయిపోతుంది. అందుకని మా అమ్మాయి చేతికి ఒక కాగితం ఇచ్చాను. నూట ఇరవై మీటర్ల దూరంలో వంటింట్లో తన పని తాను చేసుకుంటూ, చప్పుడు వినబడినప్పుడల్లా గీత గీయమన్నాను. సైలెన్సరు లేకుండా అయిదు గుండ్లు: అయిదు గీతలు, కుక్క అరిచింది, పాప "తాతా" అంటూ పరిగెత్తుకు వచ్చింది. సైలెన్సరు పెట్టి చౌక తూటాలు అయిదు: అయిదు గీతలు. సైలెన్సరు పెట్టి సబ్‌సోనిక్ అయిదు: ఒక్క గీత కూడా లేదు. వరండాలో నిలబడి విన్నాను, గోలీ సోడా కొట్టినట్టు ఉంది. గుండు మట్టిలో దిగిన 'తప్' అనే చప్పుడే దానికంటే పెద్దది.

అల్లుడు సంతోషంగా వచ్చాడు. "చూసినావా మామా, ఒక్కటి కూడా వినబళ్ళేదు!"

అమ్మాయి ఆ కాగితం బల్ల మీద పెట్టి చెప్పింది. "నాయనా, నా భయం ఇదే. పాత తుపాకి పేలితే నాకు వినబడేది. పాప యాడుందా అని చూసి లోపలికి పిలిచేదాన్ని. ఇప్పుడు మీరు కాలుస్తుండారో లేదో నాకు ఎట్ల తెలిసేది? అది చెట్ల మధ్య సైకిలు తొక్కుతా ఉంటాది."

ఇద్దరం మాట్లాడలేదు. దానికి మా దగ్గర జవాబు లేదు. చప్పుడు అనేది ఒక హెచ్చరిక. దానిని తీసేస్తే దాని పని చేసేది ఇంకొకటి పెట్టాలి. గుండు మాత్రం మెల్లగా అయిపోలేదు. ఆ చిన్న తూటా గుండు ఒకటిన్నర కిలోమీటరు దాకా ప్రమాదమని పెట్టె మీదనే రాసి ఉంటుంది. రాతికీ నీటికీ తగిలి ఎగిరి పక్కకు పోయేది కూడా .22 గుండే ఎక్కువ.

నాకు మా సింగిల్ లైను రోజులు గుర్తుకు వచ్చాయి. ఒకే పట్టా మీద రెండు దిక్కుల బళ్ళు తిరగాలంటే, డ్రైవరు చేతికి టోకెను ఇచ్చేవాళ్ళం. ఇత్తడి బంతి. ఆ సెక్షనుకు ఒకసారి ఒక్క బంతే బయటికి వస్తుంది. అది తిరిగి మిషనులో పడేదాకా అటూ ఇటూ ఏ స్టేషను మాస్టరూ ఇంకొకటి తీయలేడు. డ్రైవరు ఎంత అనుభవం ఉన్నవాడైనా, దారి ఖాళీగా కనబడుతున్నా, టోకెను లేకుండా కదలడు. చప్పుడు మీద, చూపు మీద, నమ్మకం మీద వదలకుండా, చేతిలో పట్టుకునే వస్తువు మీద పెట్టారు మన పెద్దలు.

చెర్రీ కొమ్మ ఒకటి కోసి, గుండ్రంగా చెక్కి, రంధ్రం పెట్టి, వంటింటి మేకుకు తగిలించాను. అదే టోకెను. తుపాకి బీరువా తాళం చెవి లైసెన్సు ఉన్న మనిషి దగ్గరే ఉండాలని అక్కడి చట్టం, కాబట్టి అది అల్లుడి దగ్గరే. తూటాలు వేరే తాళంలో. కానీ టోకెను తన చేతికి రానిదే బీరువా తెరవకూడదు. టోకెను ఇచ్చేది అమ్మాయి. పాప ఇంట్లో ఉందని కంటితో చూసి, వెనుక గేటు వేసి, గేటుకు ఎర్ర గుడ్డ కట్టి, అప్పుడు చేతికి ఇవ్వాలి. మేకు మీద నుంచి అతను తీసుకోకూడదు. కాల్చడం అయినాక బోల్టు తీసి, బీరువా వేసి, టోకెను చేతికి తిరిగి ఇవ్వాలి. ఎర్ర గుడ్డ అప్పుడే దిగుతుంది. కొండ వెనుక ఉన్న రెండు చోట్ల నుంచి తప్ప ఇంకెక్కడా కాల్చకూడదు. ఆ రెండు చోట్లా కర్రలు పాతించాను.

అల్లుడు మొదట నవ్వాడు. "మామా, ఇంట్లో కూడా లైన్ క్లియరా?" అన్నాడు. అమ్మాయి నవ్వలేదు. మొదటి సాయంత్రం పాప స్నానం చేస్తా ఉంటే టోకెను ఇవ్వనన్నది, బాత్రూము కిటికీ అటు వైపే ఉంది కాబట్టి. అతను పదిహేను నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాడు. సిగ్నలు దగ్గర నిలబడిన గూడ్సు బండిలాగా. ఆ రోజు నుంచి నవ్వలేదు.

మన ఊళ్ళో ఈ సంగతి చెబితే ఒక అన్న అన్నాడు, "మనకెందుకు ఈ తుపాకి సంగతులు?" అని. మనకు తుపాకి ఇంట్లో ఉండే అలవాటు పోయి రెండు వందల ఏళ్ళు దాటింది. 1799లో మన కట్టబొమ్మును కయత్తారులో ఉరి తీశారు. 1801లో పాళెగాళ్ళ చివరి పోరు అణిచాక, ఆ డిసెంబరులోనే మద్రాసు గవర్నరు క్లైవు, ఈ దక్షిణ సీమలో ఆయుధాలు పట్టడాన్నే నిషేధించి ప్రకటన వేశాడు. అందువల్ల మన రైతు చేతిలో మిగిలింది వడిసెల, రేకు డబ్బా, టపాకాయ. ఇప్పటికీ మొక్కజొన్న చేలో మంచె మీద కూర్చుని పందినీ నెమలినీ అరిచి తరుముతున్నాం. మనం పంటను కాపాడేది చప్పుడుతో, వాళ్ళు కాపాడేది చప్పుడు లేకుండా. మన చప్పుడు వల్ల జంతువు పక్క చేలోకి పోతుంది, ప్రాణం పోదు. వాళ్ళ నిశ్శబ్దంలో పోతుంది. ఇందులో ఏది మంచిదని నేను తీర్పు చెప్పను. చచ్చిన చెర్రీ మొక్కల వరుసలు చూశాను, బొరియ దగ్గర కొన ఊపిరితో ఉన్న కుందేలునూ చూశాను.

కానీ మన పిల్లలు ఇప్పుడు అక్కడి తోటల్లో, పాల డైరీల్లో పని చేస్తున్నారు. తుపాకి అక్కడ పార, కత్తెర లాగా పనిముట్టు. రేపు మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న రావచ్చు. అందుకే నేను అల్లుడికి రాసి ఇచ్చిన చీటీ ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఒకటి, ఖరీదు తుపాకి వద్దు. అది మంచిదే, చెప్పిన వెలకు తగినదే. కానీ నీ తోటలో నీ కుందేళ్ళు 50 మీటర్ల లోపలే ఉన్నాయి. ఆ పాతిక మీటర్లు నీకు అక్కరలేదు. రెండు, విప్పి కడిగే సైలెన్సరు ఒకటి కొను. 260 డాలర్లు. మూడు, సబ్‌సోనిక్ తూటా ఒకే లాటుది ఒక పెద్ద పెట్టె కొను. నాలుగు, వారానికి ఇరవై అయిదు గుండ్లు కాగితం మీద కాల్చి, తేదీ వేసి రాసిపెట్టు. సగటు 25 మిల్లీమీటర్లు దాటితే ఆ వారం కుందేలు జోలికి పోవద్దు. అయిదు, దూరం కొలిచే పరికరం కొను, కంటి అంచనా వద్దు. అన్నీ కలిపినా ఆ తుపాకి వెలలో నాలుగోవంతు కూడా కాలేదు. ఆరు, టోకెను.

అల్లుడు అయిదింటికి ఒప్పుకున్నాడు. మొదటి దానికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "మామా, నీ లెక్క సరే, కానీ ఆ ట్రిగ్గరు..." అంటాడు ఫోనులో. పొరుగాయన తుపాకిని ఇంకా ఎవరికీ అమ్మలేదట. ఆ మాట కూడా ప్రతి ఆదివారం చెబుతాడు. సంతకం పెట్టి తుపాకి తిరిగి ఇచ్చినాక కూడా దాని మీద మనసు పోలేదు, ఏం చేస్తాం. డబ్బు అతనిది, తోట అతని చేతిలో ఉంది.

నిన్న మాత్రం పాప ఫోనులోకి వచ్చింది. "తాతా, ఇవ్వాళ నాన్నకు టోకెను ఇయ్యలేదు. నా సైకిలు తోటలో ఉండాది, నేను తెచ్చుకునే దాకా ఇయ్యొద్దని అమ్మకు నేనే చెప్పినా" అన్నది. ఏడేళ్ళ పిల్ల. మంచి స్టేషను మాస్టరు అవుతుంది.